కాటాకెక్కని బరువు

ఉస్మాన్‌గంజులో తూకమునకు లొంగని సరకు లేదు. పప్పులు వచ్చినను, చక్కెర వచ్చినను, బెల్లము వచ్చినను మొదట కాటా యెక్కవలెను. ఆ తరువాతనే దానికి ధరయు, చిట్టాలో చోటును. మేము ముప్పదియేండ్లు ఆ గంజులో నొక టోకు దుకాణమున లెక్కలు వ్రాసినవారము. తూచబడనిది మా దృష్టిలో లేనిదానితో సమానము. అట్టి మాకు, ఏ కాటాకును ఎక్కని బరువొకటి మనుష్యుని మీద నుండవచ్చునని తెలియుటకు ఏబదియెనిమిదవ యేడు రావలసివచ్చెను. ఆ బరువు నరముల నొప్పి. మా కథ గొప్పదని దీనిని వ్రాయుట లేదు. ఈ నొప్పిని నమ్మకపోవుట యొక తప్పు. దీని పేరు చెప్పి వచ్చిన ప్రతి సూదిని నమ్ముట మఱియొక తప్పు. ఈ రెండు తప్పులను మేము దగ్గఱనుండి చూచితిమి. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

2019వ సంవత్సరమున చలికాలము. ఒకనాటి ఉదయము కుళాయియొద్ద మొగము కడుగుకొనుచుండగా కుడిదవడలో మెఱుపు కొట్టినట్లయ్యెను. మెఱుపనుట అలంకారము కాదు. కరెంటుతీగ పట్టుకొన్నవానికి ఎట్లుండునో అట్లే యుండెను. క్షణములో వచ్చి క్షణములో పోయినది. రెండవనాడు మరల వచ్చెను. నెల తిరుగునప్పటికి దినమునకు ఇరువదిసారులు, ముప్పదిసారులు రాసాగెను. అన్నము నమలినప్పుడు వచ్చును. గడ్డము గీచుకొన్నప్పుడు వచ్చును. దుకాణములో సరకు ధర చెప్పుటకు నోరు తెఱచినప్పుడు వచ్చును. పంకా గాలి చెంపకు తగిలినను చాలును. రెండు పోట్ల నడుమ మాత్రము మాకేమియు లేదు. వాపు లేదు, జ్వరము లేదు, గాయము లేదు. చూచువారికి మేము ఆరోగ్యవంతులమే.

పంటినొప్పి యనుకొంటిమి. అందఱును అట్లే యనిరి. ఒక దంతవైద్యుడు దవడపన్ను నొకదానిని పీకెను. నొప్పి తగ్గలేదు. నెల తరువాత దాని ప్రక్కదానిని పీకెను. అప్పుడును తగ్గలేదు. మూడవదానికి దినము నిర్ణయించునప్పటికి మాకే అనుమానము కలిగి మానుకొంటిమి. ఈ వ్యాధిగలవారిలో మంచిపండ్లు పోగొట్టుకొన్నవారు అన్ని దేశములందును ఉన్నారని తరువాత తెలిసికొంటిమి. ఇంటివారు దిష్టి తీసిరి. ఒక మిత్రుడు శనిదశ యనెను. మఱియొకడు, “వయసు వచ్చిన తరువాత నొప్పులు వచ్చును, ఓర్చుకొనవలెను” అని హితము చెప్పెను. ఓర్పు మంచిగుణమే. కాని యితరుల నొప్పికి మనము చెప్పు ఓర్పు చాల చవుకైన వస్తువు. దానికి మన చేతినుండి కాసైనను పోదు.

ఈ మాట వ్రాయుచుండగా మా మేనత్త జ్ఞాపకము వచ్చుచున్నది. ఆమె చిన్ననాడే వితంతువై మా నల్లగొండ జిల్లా పల్లెలో మా ఇంటనే యుండెడిది. వంట ఆమెది, నీళ్లు ఆమెవి, పాడి ఆమెది. నడివయసు దాటిన తరువాత ఆమెకొక వింత పట్టుకొన్నది. అన్నము ముందు కూర్చుండి, ముద్ద నోటిదాక తీసికొనిపోయి, చటుక్కున చెంప పట్టుకొని రాయివలె కదలక మెదలక యుండెడిది. కొంగుతో ఎల్లప్పుడు కుడిచెంప కప్పుకొనెడిది. పని తప్పించుకొనుటకు వేషమని కొందఱనిరి. గాలి సోకినదని కొందఱనిరి. భూతవైద్యుని పిలిపించిరి; అతడు వేపమండలతో ఆమె మొగము మీదనే కొట్టెను. అప్పుడామె పెట్టిన కేకను దయ్యపుకేక యని ఊరందఱును నమ్మిరి.

మేము చేసినది అంతకంటె హీనమైనది. మేమప్పుడు ఎనిమిదేండ్ల వారము. అత్త చెంపకు గాలి తగిలిన ఉలికిపడునని పిల్లలమందఱము కనిపెట్టితిమి. వెనుకనుండి పిల్లివలె పోయి, కొంగు జారినప్పుడు చెంప మీద ఉఫ్ఫని ఊది పరుగెత్తువారము. ఆమె ఉలికిపాటు చూచి నవ్వుకొనువారము. ఆమె యొక్కనాడును మమ్ము కొట్టలేదు. తిట్టుటకు నోరు తెఱచినను నొప్పి వచ్చును గదా! ఏబదియేండ్ల తరువాత మా దుకాణములో పంకా గాలి మా చెంపకు సోకిన దినమున, ఆ యుఫ్ మనునది ఏమో మాకు తెలిసినది. అప్పటికి ఆమె పోయి చాలకాలమైనది. ఆమె వ్యాధి యిదేయని మేము ప్రమాణము చేయలేము. చూచిన వైద్యుడు లేడు. కాని మా దవడకు సందేహము లేదు.

ఒక నరముల వైద్యురాలు మా కథను పూర్తిగా వినిరి. నొప్పి యెక్కడ మొదలగును, ఎంతసేపుండును, ఏమి తాకిన వచ్చును అని యడిగిరి. సున్నకును పదికిని నడుమ మీ నొప్పి యెంత యనిరి. తూకమునకు అంతకంటె మంచి కాటా యింతవరకు లోకమున లేదు. రోగి మాటయే రాయి, రోగి మాటయే త్రాసు. తరువాత ఎం.ఆర్‌.ఐ. తీయించి, ఇది పంటినొప్పి కాదు, ట్రైజెమినల్ నరపు నొప్పి యని చెప్పిరి. మొగమునకు స్పర్శజ్ఞానము నిచ్చు నరము ప్రతి ప్రక్కను ఒకటి కలదు. అది నుదుటికి, చెంపకు, దవడకు మూడు కొమ్మలుగా చీలును. ఆ నరము మెదడునుండి వెలువడు చోట రక్తనాళ మొకటి దానికి ఒఱసికొని కొట్టుకొనుచుండుట ఈ నొప్పికి సాధారణ కారణము. ఒఱపిడిచేత నరము పైపొర అరిగిపోయి, మెల్లని స్పర్శకూడ మంటగా మాఱి మెదడునకు చేరును. కరెంటుతీగ తొడుగు ఊడినట్లే యని వైద్యురాలు చెప్పిరి. కొందఱికి కంతివలనను, నరముల తొడుగు చెడు ఇతర వ్యాధులవలనను ఇది వచ్చును. అందుకే పటము తీయించుట యవసరము. పురుషులలోకంటె స్త్రీలలో ఈ వ్యాధి యెక్కువ. ఆ మాట వినినప్పుడు మేము తల వంచుకొంటిమి.

మొదట మందు. కార్బమజెపీన్ అనునది మూర్ఛవ్యాధికి వాడబడిన బిళ్ల. 1962లో దీనిని ఈ మొగపునొప్పికి వాడి గుణము కనుగొనిరి. నేటికిని మొదట ఇచ్చు మందు అదియే. వారము దినములలో మాకు పోట్లు సగమునకు తగ్గెను; ఆనందమునకు మేర లేకపోయెను. కాని మోతాదు పెంచినకొలది తల తిరుగసాగెను, చిట్టా మీదనే నిద్ర వచ్చెను, కూడికలు తప్పెను. ముప్పదియేండ్లలో రానన్ని తప్పులు మూడు నెలలలో వచ్చెను. రక్తములో ఉప్పు తగ్గినదని పరీక్షలో తేలెను. నొప్పి తగ్గించుకొందుమా, బుద్ధి నిలుపుకొందుమా యను సంకటమున పడితిమి. అప్పుడు వైద్యురాలు సూదిని గూర్చియు, శస్త్రచికిత్సను గూర్చియు చెప్పిరి.

నరమును మొద్దుబార్చి నొప్పిని ఆపవలెననుట క్రొత్త యూహ కాదు. 1884లో కార్ల్ కోలర్ కంటిలో కొకెయిన్ చుక్కలు వేసి, రోగి మేలుకొని యుండగనే నొప్పి తెలియకుండ చేయవచ్చునని చూపెను. అదిమొదలు శరీరములో ఏ నరము ఏ దారిని పోవునో తెలిసిన వైద్యులు, మందును సూదితో ఆ దారికే చేర్చుట నేర్చిరి. మొగపునొప్పికి నరపు ముడిలోనికి మద్యసారము ఎక్కించి దానిని చంపుటయు ఇరువదవ శతాబ్దపు ఆరంభముననే యుండెను. 1974లో స్వీట్, వెప్సిక్ అను అమెరికా వైద్యులు, సూదికొనను విద్యుత్తుచేత వేడిచేసి, నొప్పిని మోయు పోగులను మాత్రము కొంత మాడ్చు పద్ధతిని స్థిరపఱచిరి. ముడిలోనికి గ్లిసరిన్ పోయుట, చిన్న బెలూనును ఉబ్బించి నొక్కుట అనునవి దాని తోబుట్టువులు. వీనికి భిన్నమైనది పీటర్ జానెట్టా 1960ల చివర ప్రచారమునకు తెచ్చిన శస్త్రచికిత్స: చెవివెనుక కపాలమును తెఱచి, నరమునకును రక్తనాళమునకును నడుమ చిన్న మెత్తను పెట్టుట. అది కారణమును తొలగించును. అందఱిలో నదియే యెక్కువకాలము నిలుచును. కాని కపాలము తెఱచుట మాటలు కాదు. మా గుండెస్థితి చూచి, మాకు సూదియే మేలని నిశ్చయించిరి.

2022లో ఆ పని జరిగెను. పెదవిమూల ప్రక్కన చెంపలో సూది గ్రుచ్చి, ఎక్స్‌రే తెర మీద దారి చూచుచు, కపాలపు అడుగున నున్న చిన్న రంధ్రము గుండ నరపుముడికి చేర్చిరి. మత్తునుండి కొంచెము లేపి, “ఎక్కడ జివ్వుమనుచున్నది?” అని యడిగిరి. నొప్పి వచ్చుచోటనే యనగా మరల మత్తిచ్చి సూదికొనను వేడిచేసిరి. సాయంకాలము మేము ఇంటికి వచ్చి పెరుగన్నము తింటిమి. మూడేండ్ల తరువాత భయము లేక నమలిన ముద్ద అది. కన్నులు చెమర్చెను. మొదటి ముద్దను నోటిలో పెట్టుకొనుటకు ముందు, కొంగు కప్పుకొన్న ఒక మొగము ఎదుట నిలిచినట్లుండెను.

మఱి లెక్కలో ఖర్చు కూడ వ్రాయవలెను గదా! మా కుడిదవడ నేటికిని మొద్దుబారియే యున్నది. వేడి టీ త్రాగునప్పుడు పెదవి కాలినను తెలియదు. కంటికి సంబంధించిన కొమ్మకు ఆ మొద్దు పాకినయెడల కంటిపొరకే ప్రమాదమని ముందే చెప్పియుండిరి. మాకు ఆ కష్టము రాలేదు. అరుదుగా కొందఱికి మొద్దుబారిన చోటనే తీఱని మంట పుట్టునట. రెండేండ్లు సుఖముగా గడచిన తరువాత, 2024 చలికాలమున పోటు మరల తలయెత్తినది. ఇప్పుడు చిన్న మోతాదు బిళ్లతో అదుపులో నున్నది. కావున సూది మమ్ము స్వస్థపఱచినదని చెప్పము. రెండేండ్లు ఇచ్చినది, ఆ రెండేండ్లు మాకు బంగారము.

ఇక రెండవ తప్పు మాట. మా దుకాణము ముందు బస్తాలు మోయు హమాలీ యొకడు మాకు చిరకాలపు పరిచితుడు. క్వింటాలు బస్తాలు మోసిన భుజములు అతనివి. 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ, వయస్సు వచ్చిన పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. ఆ సిఫారసు గంజుదాక నడచి వచ్చుటకు చాలకాలము పట్టెను. అతనికి నడుమునుండి పిక్కదాక తీగలాగినట్లు నొప్పి పట్టుకొని అప్పటికి నెలన్నర. “బస్తా అయితే దించుకుంటం సారూ, గీ నొప్పిని యాడ దించాలె?” అని యొకనాడు మమ్మడిగెను. మా సూది సంగతి అతడు విని యుండెను. ఎక్కడనో, వరుసగా సూదులు వేయించుకొన్నయెడల జన్మలో నొప్పి రాదని చెప్పిరట. అప్పు పుట్టించుటకు అతడు భార్య పుస్తెలు తీయించి యుండెను.

మా నొప్పి వేఱు, అతని నొప్పి వేఱు. రెంటిని నరపునొప్పి యనుటచేతనే మోసము పుట్టుచున్నది. వెన్నుపూసల నడుమ బిళ్ల జాఱి నరమును నొక్కినప్పుడు వచ్చు కాలినొప్పి, అధికసంఖ్యాకులకు వారములలోనో, నెలలలోనో దానంతట అదియే శమించును. వెన్నులోని స్టెరాయిడ్ సూది కొందఱికి కొన్నివారముల ఉపశమము నీయవచ్చును. జన్మకు సరిపడు సూది యేదియు లేదు. 2025 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన మార్గదర్శకము, క్యాన్సరు మొదలగు కారణములు లేని దీర్ఘకాలపు వెన్నునొప్పికిని, దానినుండి కాలికి దిగు నొప్పికిని ఈ సూదులను, వేడితో నరములు మాడ్చుటను సాధారణముగా చేయరాదని గట్టిగా చెప్పినది. నొప్పివైద్యుల సంఘములు కొన్ని దానితో ఏకీభవింపలేదు. రోగిని ఎంచి చేసిన మేలు కలుగుననుట వారి వాదము. పండితులే వాదించుకొను చోట పుస్తెలు తాకట్టు పెట్టుట న్యాయమా? మేము హమాలీని వెంటబెట్టుకొని ఒక ప్రభుత్వాసుపత్రికి పోతిమి. కాలు చచ్చుబడలేదని, మూత్రము కట్టుబడలేదని పరీక్షించి చూచి, వ్యాయామములు నేర్పి, బరువు మానుమనిరి. బరువు మానిన కూలి యెక్కడిది? సేటుతో మాటలాడి, రెండు నెలలు బస్తాలు లెక్కపెట్టు పని ఇప్పించితిమి. రెండు నెలలలో అతడు నిటారుగా నడచెను. పుస్తెలు ఇంటనే యున్నవి. మా ఊహలో ఈ కథయందు ముఖ్యమైన వైద్యము ఆ రెండు నెలల తేలికపనియే.

ఆ దినము ఆసుపత్రి పనిమీద అఫ్జల్‌గంజు ప్రక్కగా నడచి వచ్చుచు మేము ఈ నగరపు పాతకథ నొకదానిని తలచుకొంటిమి. నొప్పి తెలియకుండ చేయుటలో హైదరాబాదునకు లోకప్రసిద్ధి కలదు. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ 1888లోను, 1889లోను ఇచ్చట క్లోరోఫారము కమిషన్లు నడపెను. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. కుక్కల మీదను, కోతుల మీదను నూర్లకొలది ప్రయోగములు జరిగెను. ఇచ్చటి వైద్యపాఠశాలలో చదివి క్లోరోఫారము నిచ్చుటలో నిపుణురాలైన రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో నొకరుగా నేడు ఎన్నబడుచున్నారు. శ్వాసను కనిపెట్టియున్న చాలును, క్లోరోఫారము గుండెకు హాని చేయదని లారీ దృఢముగా ప్రకటించెను. శ్వాసను కనిపెట్టవలెననుట సత్యము. గుండెకు హాని లేదనుట తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ ఆ మందు గుండెలయను చెఱచి హఠాత్తుగా చంపగలదని నిరూపించెను. నొప్పిని తొలగింపవలెనను లారీ తపన గొప్పది. తనకు సందేహము లేదనుటయే అతని లోపము. దయ యున్నచోట కూడ సందేహము ఉండవలెను. ఈ పాఠమును మన నగరము లోకమునకు నేర్పినది, మనము నేర్చుకొంటిమా?

కావున సూది పట్టినవారి ముందు రోగి నోరు కట్టుకొనరాదు. నా నొప్పికి పేరేమి? ఏ నరమునకు సూది? ఎంతమందిలో ఎందఱికి గుణమిచ్చును, ఎన్ని నెలలు? పోవునదేమి – స్పర్శయా, బలమా, ధనమా? చేయకున్న ఏమగును? ఇంతకంటె చిన్నమార్గము లేదా? ఈ ప్రశ్నలకు విసుగుకొనని వైద్యుని వెదకవలెను. విసుగుకొనువానియొద్ద బేరమైనను చేయరాదు. అట్లని సూదులన్నియు మోసమని చాటువారితోను మేము ఏకీభవింపము. క్లోమమునకు క్యాన్సరు వచ్చి మెలికలు తిరుగువానికి, కడుపులోని నరపుముడిని మద్యసారముతో మొద్దుబార్చుట గొప్ప ఉపకారము. మార్ఫీను మాట చూడుడు: 1985 నాటి మత్తుపదార్థముల చట్టము దుర్వినియోగమునకు భయపడి ఎన్ని కట్టడులు చేసినదనగా, బాధపడు రోగులకే అది దొరకకపోయెను. 2014లో సవరణ చేసి ఆ ముడిని కొంత సడలించిరి. నొప్పిని నమ్మకపోవుట మా యూరి భూతవైద్యునికే కాదు, చట్టమునకును అలవాటే.

ఉస్మాన్‌గంజునకు కూతవేటు దూరమున గోషామహలులో ఉస్మానియా ఆసుపత్రికి క్రొత్త భవనములు కట్టుటకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినది. ఆ భవనములలో అన్ని రోగములకును తలుపులుండును. నొప్పినే రోగముగా నెంచి, బీదవాని మాట పూర్తిగా విని, సూది కావలసినవానికి సూదిని, అక్కఱలేనివానికి అక్కఱలేదను మాటను ఉచితముగా ఇచ్చు తలుపొకటి కూడ విశాలముగా తెఱచి యుండవలెనని మా కోరిక. దాని ముందు హమాలీ నిలిచినను, కొంగు కప్పుకొన్న ముసలియామె నిలిచినను మొదటి ప్రశ్న యొక్కటే కావలెను: “ఎక్కడ నొప్పి, తల్లీ?”

పాత ఆసుపత్రి ఆవరణలో నొక చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు నూటయేబదిమందికి పైగా ఆ చెట్టెక్కి ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. చెట్టు వరదను ఆపలేదు. నీరు తీయువఱకు పట్టుకొనుటకు కొమ్మ నిచ్చినది. మంచివైద్యము కూడ చాలసారులు అంతియే. మాకు అట్టి కొమ్మ దొరకినది. మా మేనత్తకు దొరకలేదు; అంతియే కాదు, ఆమె నీటిలో నుండగా ఒడ్డున నిలిచి మేము నవ్వితిమి. ఇప్పుడు పంకా క్రింద కూర్చుండినప్పుడెల్ల మేము చెంపను అరచేతితో కప్పుకొందుము. అది కొంత నొప్పి భయముచేత. కొంత ఆమెకు మ్రొక్కుటకు.